దిండు పక్కన ఫోను



నిద్ర పట్టడం లేదని మా ఆస్పత్రి ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది ఈ మధ్య కారణం కూడా వాళ్లే చెప్పేస్తున్నారు. "ఫోన్లో నీలి కాంతి ఉంటుందట కదండీ, దానివల్లేనట" అంటారు. కొందరు అప్పటికే పసుపురంగు కళ్లజోడు కొని పెట్టుకుని వస్తారు. ఇంకొందరు సాయంత్రం ఆరయ్యేసరికి ఫోను తెర పసుపుగా మారేలా పెట్టుకున్నామని చూపిస్తారు. ఆ మాటలో నిజం ఉంది, కానీ సగమే ఉంది. మిగతా సగం పట్టించుకోకపోతే కళ్లజోడు మార్చినా, తెర రంగు మార్చినా రాత్రి ఒంటిగంటకు మనం మెలకువగానే ఉంటాం. ఈ పూట ఆ రెండు సగాల గురించీ మాట్లాడతాను.

ముందు కంటి సంగతి. కన్ను చూడటానికే ఉందని అందరం అనుకుంటాం. వైద్యశాస్త్రం కూడా చాలాకాలం అలాగే అనుకుంది. కంటి వెనుక పొరలో, అంటే రెటీనాలో, వెలుతురును పట్టే కణాలు రెండే రకాలని పుస్తకాల్లో ఉండేది. మసక వెలుతురులో పనికొచ్చేవి ఒక రకం, రంగులు చూపించేవి ఇంకో రకం. 1995లో అమెరికాలో చార్లెస్ సైస్లర్ అనే వైద్యుడూ ఆయన బృందమూ ఒక పరీక్ష చేశారు. చూపు పూర్తిగా పోయిన 11 మందిని రాత్రిపూట గట్టి వెలుతురులో కూర్చోబెట్టి, వాళ్ల రక్తంలో మెలటోనిన్ అనే హార్మోను ఎంత ఉందో కొలిచారు. ముగ్గురిలో ఆ హార్మోను పడిపోయింది. గదిలో దీపం వెలిగిందో లేదో ఆ ముగ్గురికీ తెలియదు. వాళ్ల శరీరానికి మాత్రం తెలిసింది. నేను వైద్యం చదివే రోజుల్లో ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

చూపు లేని కంటిలో వెలుతురును పసిగట్టిందేమిటి? దానికి జవాబు ఒక కప్ప దగ్గర మొదలైంది. 1998లో ఇగ్నాసియో ప్రొవెన్సియో అనే శాస్త్రవేత్త కప్ప చర్మకణాల్లో వెలుతురుకు స్పందించే ఒక ప్రోటీన్‌ను కనుక్కుని దానికి మెలనాప్సిన్ అని పేరు పెట్టారు. ఆ తరవాత అదే ప్రోటీన్ మనిషి రెటీనాలోనూ ఉందని తేలింది. 2002లో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బెర్సన్ బృందం ఎలుకల మీద పరిశోధించి, ఈ ప్రోటీన్ ఉన్న కణాలు వెలుతురును తమంతట తామే గుర్తిస్తాయని చూపించింది. అంటే ఇది మూడో రకం. చూపుతో వీటికి పెద్ద పని లేదు. ఇప్పుడు పగలా రాత్రా అన్నది మెదడుకు చేరవేయడమే వీటి ముఖ్యమైన పని. ఇవి అన్నిటికంటే ఎక్కువగా స్పందించేది 480 నానోమీటర్ల దగ్గరి వెలుతురుకు, అంటే మబ్బులేని పగటి ఆకాశం నీలానికి.

ఈ కణాల నుంచి బయలుదేరిన నరాలు మెదడు అడుగుభాగంలో, హైపోథాలమస్‌లో ఉన్న ఒక చిన్న గుంపుకు చేరతాయి. సుమారు 20,000 నరకణాల గుంపు అది. జీవగడియారం అంటున్నది దాన్నే. ఆ గడియారం చెప్పినప్పుడు పీనియల్ గ్రంథి మెలటోనిన్ విడుదల చేస్తుంది. ఈ మెలటోనిన్‌ను నిద్రమందు అనుకునేవాళ్లు చాలామంది. అది మనల్ని పడేసి నిద్రపుచ్చదు. చీకటి పడిందని ఊరంతా దండోరా వేసినట్టు, ఒంట్లోని ప్రతి అవయవానికీ రాత్రయిందని కబురు చెబుతుంది. ఆ కబురు అందాక ఒంటి వేడి నెమ్మదిగా తగ్గుతుంది, నిద్రకు దారి పడుతుంది. రాత్రి పదింటికి కళ్లకు నీలం కలిసిన తెల్లటి వెలుతురు తగిలితే కబురు ఆలస్యమవుతుంది.

ఎంత ఆలస్యం? దీని మీద తరచుగా చెప్పుకునే పరిశోధన ఒకటుంది. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆస్పత్రిలో 12 మందిని వరసగా అయిదు రాత్రులు పడుకునే ముందు నాలుగు గంటలపాటు ఐప్యాడ్‌లో చదివించారు. మరో అయిదు రాత్రులు అదే సమయంలో అచ్చు పుస్తకం చదివించారు. సైస్లర్ ఆ బృందంలోనూ ఉన్నారు. ఐప్యాడ్ చదివిన రాత్రుల్లో మెలటోనిన్ సగానికి పైగా తగ్గింది. మర్నాడు అది మొదలయ్యే సమయం గంటన్నర వెనక్కి జరిగింది. పొద్దున్నే మత్తు వదలడానికీ ఎక్కువసేపు పట్టింది. 2015లో ఈ ఫలితాలు అచ్చయ్యాక ప్రపంచమంతా నీలి కాంతి గురించి మాట్లాడటం మొదలుపెట్టింది.

అదే పరిశోధనలో పత్రికలు అంతగా పట్టించుకోని అంకె ఇంకొకటుంది. ఐప్యాడ్ చదివిన రాత్రుల్లో నిద్ర పట్టడానికి అదనంగా పట్టిన సమయం సుమారు పది నిమిషాలు. తెర వెలుగును పూర్తిగా పెంచి, గదిని మసకగా ఉంచి, నాలుగు గంటలు చదివిస్తే పది నిమిషాలు. మన ఇళ్లలో పోతున్నవి పది నిమిషాలు కావు, గంటా రెండు గంటలు. ఆ లెక్క వెలుతురు ఒక్కదానితో తేలేది కాదు.

రెండో సగానికి వచ్చే ముందు పగటిపూట గురించి కొంచెం చెప్పాలి. 2016లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో 14 మంది యువతీయువకులను పగలు ఆరున్నర గంటలపాటు మంచి వెలుతురులో ఉంచి, రాత్రి రెండు గంటలు టాబ్లెట్‌లో చదివించారు. వాళ్ల మెలటోనిన్‌లో గానీ నిద్రలో గానీ పుస్తకం చదివిన రాత్రికీ టాబ్లెట్ చదివిన రాత్రికీ తేడా కనిపించలేదు. పగలు కంటికి తగినంత వెలుతురు అందితే రాత్రి చిన్న వెలుతురుకు జీవగడియారం అంతగా చలించదు. 2013లో అమెరికాలోని కొలరాడోలో కెన్నెత్ రైట్ అనే శాస్త్రవేత్త ఎనిమిది మందిని వారంపాటు కొండల్లో గుడారాల్లో ఉంచారు. టార్చిలైటు లేదు, ఫోను లేదు, ఎండా చలిమంటా తప్ప వేరే వెలుతురు లేదు. వారం తిరిగేసరికి వాళ్ల జీవగడియారం సుమారు రెండు గంటలు ముందుకు జరిగింది. రాత్రి వెలుతురు తగ్గినందుకు ఎంత జరిగిందో, పగటి వెలుతురు పెరిగినందుకూ అంత జరిగి ఉంటుంది. ఆ వారం వాళ్లు చూసిన పగటి వెలుతురు మామూలు రోజులకంటే కొన్ని రెట్లు ఎక్కువ.

ఇప్పుడు మన సంగతి చూడండి. వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. ఆరుబయట ఎండలో అది లక్ష లక్సుల దాకా ఉంటుంది, మబ్బు పట్టిన రోజున కూడా వేలల్లో ఉంటుంది. ఆఫీసు గదిలో మూడు నాలుగు వందలు. ముఖానికి దగ్గరగా పెట్టుకున్న టాబ్లెట్ నుంచి కంటికి చేరేది కొన్ని పదులే. ఇంటర్ చదివే పిల్లవాడు తెల్లారకముందే స్టడీ అవర్‌కు వెళ్లి, రాత్రి దాకా ట్యూబులైట్ల కిందే ఉంటాడు. వాడికి పగలూ రాత్రీ ఒకటే మసక. అలాంటివాడికి రాత్రి ఫోను వెలుతురు తప్పకుండా దెబ్బ కొడుతుంది. పొలంలో పనిచేసి వచ్చిన మనిషికి అంత కొట్టదు. మా ఓపీలో నా అనుభవమూ ఇదే చెబుతోంది: పగలు ఎండ చూడనివాళ్లే రాత్రి నిద్ర రాదని ఎక్కువగా వస్తారు.

ఇంట్లో దీపాల సంగతీ మరిచిపోకూడదు. నీలి ఎల్ఈడీని కనిపెట్టినందుకు ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ నీలి దీపం మీద పసుపు పూత వేస్తేనే మన తెల్ల ఎల్ఈడీ బల్బు. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్ఈడీ బల్బులు ఇళ్లకు చేరాయి, కరెంటు బిల్లులు తగ్గాయి. అది మంచి పనే. అయితే రాత్రి భోజనాలయ్యాక కూడా హాల్లో నాలుగు తెల్ల బల్బులు వెలుగుతుంటే, చేతిలోని ఫోను కంటే అవే ఎక్కువ వెలుతురు కంట్లో పోస్తాయి. తొమ్మిది దాటాక ఒక్క దీపం ఉంచండి. కుదిరితే పసుపు కాంతి ఇచ్చే బల్బు పడకగదిలో పెట్టుకోండి. ధరలో పెద్ద తేడా ఉండదు.

ఇక రెండో సగం.

ఆ మధ్య నా దగ్గరికి ఒక కిరాణా కొట్టు యజమాని వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. బీపీ మందు వాడుతున్నాడు, భార్య వెంట వచ్చింది. "పదకొండింటికి మంచం ఎక్కుతానండీ, ఒంటిగంటైనా నిద్ర రాదు. ఏదన్నా మాత్ర రాయండి డాక్టరుగారూ" అన్నాడు. ఫోను అడిగి తీసుకుని, సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఏ గంటలో ఎంతసేపు ఫోను చూశాడో చూపించే పేజీ తెరిచి ఆయన చేతికిచ్చాను. అందులో గీతలుంటాయి. పగలంతా చిన్న చిన్నవి, బేరాల మధ్య చూసుకున్నవి. రాత్రి పదకొండు నుంచి పన్నెండు దాకా నిలువెత్తు గీత. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఇంకొకటి. ఒంటిగంట దాటాక కూడా కొంచెం. ఆయన దాన్ని కాసేపు చూసి "ఇది నిన్నటిదేనా అండీ?" అన్నాడు. ముందురోజుది చూపించాను, అంతకు ముందురోజుదీ చూపించాను. "నాకు నిద్ర పట్టిందాకా ఆ సౌండు వస్తానే ఉంటదండీ" అంది భార్య.

ఆయన అబద్ధం చెప్పలేదు. నిద్ర రావడం లేదనే ఆయన నిజంగా నమ్ముతున్నాడు. తెర మీద ఒక వీడియో అయిపోతుండగానే ఇంకొకటి దానంతట అదే వచ్చేస్తుంటే, ఆపాలన్న ఆలోచన వచ్చే సందు ఎక్కడుంది? పుస్తకంలో అధ్యాయం ముగుస్తుంది. టీవీలో సీరియల్ అయిపోతుంది. రేడియోలో ఈ ప్రసంగం కూడా ఇంకాసేపట్లో అయిపోతుంది. రీల్స్‌కు చివర లేదు, లేకుండానే వాటిని తయారుచేశారు. 2017లో నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్ తమ సంస్థకు పోటీ నిద్రేనని బహిరంగంగా చెప్పారు. ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చింది కాబట్టి మనం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. అటువైపు అంత పెద్ద సంస్థలుంటే, ఇటువైపు రోజంతా నిలబడి అలిసిపోయిన ఒక మనిషి ఉన్నాడు. ఇందులో తప్పంతా ఆ మనిషి మనసు గట్టిగా లేకపోవడమే అంటే నేను ఒప్పుకోను.

నేను ఫోను పక్కన పెట్టమన్నప్పుడు ఆయన అన్న మాట ఇది: "పొద్దున ఆరింటి నుంచి కొట్లో నిలబడేవాణ్ణి. ఆ ఒక్క గంటే నాది. అది కూడా చూడొద్దంటే ఎట్టాగండీ?" ఇదే మాట వేరే రకంగా ఆడవాళ్ల దగ్గర ఇంకా ఎక్కువగా వింటాను. పిల్లలు పడుకుని, అంట్లు తోమడం అయి, మర్నాటికి ఇడ్లీ పిండి రుబ్బి పెట్టేసరికి పదిన్నర. అప్పుడు గానీ తనకంటూ సమయం దొరకదు. దాన్ని నిద్రకు ఇచ్చేయడానికి మనసొప్పదు. పడుకోగలిగి ఉండీ పడుకోకుండా వాయిదా వేసే ఈ అలవాటు మీద 2014లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఫ్లోర్ క్రూసె బృందం పరిశోధన చేసింది. అప్పటినుంచి దీన్ని నిద్ర సమస్యల్లో ఒకటిగా లెక్కలోకి తీసుకుంటున్నారు. "ఫోను మానెయ్యి" అని చెప్పి పంపేస్తే వైద్యం అయిపోయినట్టు కాదు. ఆ మనిషికి పగటిపూట ఒక అరగంట ఎక్కడినుంచైనా రావాలి. ఇంట్లో అంట్లు ఎవరు తోముతున్నారన్నది కూడా నా దృష్టిలో నిద్రకు సంబంధించిన ప్రశ్నే.

ఆయనకు చెప్పింది ఇంతే. ఫోను చూడండి, మంచం మీద మాత్రం చూడకండి. హాల్లో కుర్చీలో కూర్చుని చూడండి. నిద్ర ముంచుకొచ్చాకే మంచం దగ్గరికి వెళ్లండి. పడుకున్నాక ఇరవై నిమిషాలకు కూడా నిద్ర రాకపోతే లేచి మళ్లీ కుర్చీలో కూర్చోండి. ఇది నేను కనిపెట్టింది కాదు. 1972లో రిచర్డ్ బూట్‌జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మొదలుపెట్టిన పద్ధతి, ఈనాటికీ నిద్రలేమి చికిత్సలో ముఖ్యమైన భాగం. మంచం ఎక్కి గంటల తరబడి వీడియోలు చూసే మనిషికి మంచమంటే మెలకువగా ఉండే చోటని మెదడు నేర్చుకుంటుంది. ఆ పాఠం మరిపించాలి. కుర్చీలో ఇంకో లాభం కూడా ఉంది: మెడ నొప్పెడుతుంది, కళ్లు మూసుకుపోతాయి, మనిషి లేచి వెళ్లి పడుకుంటాడు. తరవాత బీపీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు పన్నెండు లోపే పడుకుంటున్నానని చెప్పాడు. నిద్రమాత్ర రాయాల్సిన అవసరం రాలేదు.

మంచం మీద ఫోను గురించి ఇటీవలి పరిశోధన ఒకటి చెబుతాను. నార్వేలో 45,000 మందికి పైగా విశ్వవిద్యాలయ విద్యార్థుల సమాచారం తీసుకుని 2025లో ప్రచురించారు. పక్క మీద తెర చూసే సమయం గంట పెరిగితే నిద్రలేమి లక్షణాలు ఉండే అవకాశం 59 శాతం ఎక్కువగా కనిపించింది, నిద్ర 24 నిమిషాలు తగ్గింది. చూసింది సోషల్ మీడియానా, సినిమానా, చదువుకు సంబంధించిందా అన్నదానితో పెద్ద తేడా రాలేదు. నిద్ర రానివాళ్లే ఫోను చూస్తున్నారా, ఫోను చూస్తున్నందుకే నిద్ర రావడం లేదా అన్నది ఇలాంటి సర్వే తేల్చలేదు, నిజమే. మా దగ్గరికి వచ్చేవాళ్లలో రెండూ ఉంటాయి, ఒకటి ఇంకోదాన్ని పెంచుతుంది.

మరి ఆ పసుపు తెర? 2021లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం 167 మంది యువతీయువకులతో పరీక్షించింది. ఫోను రంగు మార్చినవాళ్ల నిద్రకూ మార్చనివాళ్ల నిద్రకూ తేడా లేదు. పెట్టుకుంటే నష్టమేమీ లేదు. అది పెట్టుకున్నాం కదా అని ఇంకో గంట చూస్తే నష్టం.

పిల్లల విషయంలో మాత్రం నేను ఇంత మెత్తగా మాట్లాడలేను. పసిపిల్లల కంటిపాప పెద్దది, కంటిలోని కటకం తేటగా ఉంటుంది, అందుకే వెలుతురు ఎక్కువగా లోపలికి పోతుంది. 2018లో కొలరాడోలో బడికి పోయే వయసు రాని పిల్లల మీద పరీక్షిస్తే, పడుకునే ముందు గంటసేపు గట్టి వెలుతురు తగిలినప్పుడు మెలటోనిన్ సగటున 88 శాతం పడిపోయింది. 2016లో లక్షా 25 వేల మందికి పైగా పిల్లల సమాచారం కలిపి చూసిన విశ్లేషణలో, పడుకునే వేళ ఫోను వాడే పిల్లల్లో చాలినంత నిద్ర లేకపోవడం రెట్టింపుకు పైగా కనిపించింది. పెద్దల విషయంలో నిపుణుల మధ్య ఇంకా వాదం నడుస్తోంది గానీ, పిల్లల నిద్రనూ యౌవనంలోకి అడుగుపెడుతున్నవాళ్ల నిద్రనూ తెర చెడగొడుతుందని 2024లో అమెరికాలో కూర్చున్న నిపుణుల బృందం ఒక్కమాటగా తేల్చింది. ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. ఆ పైన పద్దెనిమిదేళ్ల దాకా ఎనిమిది నుంచి పది గంటలు. మన కార్పొరేట్ హాస్టళ్ల టైంటేబుల్‌లో ఆ గంటలు ఎక్కడ ఉన్నాయో తల్లిదండ్రులు ఒకసారి అడిగి చూడాలి. ఫోను ఒక్కదాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు. అన్నం తినిపించడానికి ఫోను ఇచ్చి, నిద్రపుచ్చడానికి కూడా ఫోనే ఇస్తున్న తల్లులకు నా మనవి ఒకటే: రెండోది ముందు మానండి. మొదటిది నెమ్మదిగా మానొచ్చు.

"అలారం కోసం పక్కన పెట్టుకుంటాను" అని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అంటారు. అలారం గడియారం ఇప్పటికీ దొరుకుతుంది, కొనుక్కోండి. ఛార్జరు హాల్లో పెట్టండి. రాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోక ఫోను చేస్తారేమోనన్న భయం ఉంటే, ఫలానా నంబర్ల నుంచి వస్తేనే మోగేలా పెట్టుకోవచ్చు. తెలియకపోతే ఇంట్లో కుర్రవాళ్లు రెండు నిమిషాల్లో చేసి పెడతారు. దిండు కింద పెట్టి ఛార్జింగ్ చేయకండి, వేడెక్కి ప్రమాదం జరగవచ్చు. మీలో కొందరు ఈ ప్రసంగాన్ని ఫోన్లోనే వింటుంటారు. పాటలో నాటకమో వింటూ నిద్రపోయే అలవాటున్నవాళ్లు తెర ఆపేసి, కాసేపటికి దానంతట అదే ఆగిపోయేలా పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు.

హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఇవన్నీ తలకిందులు. వాళ్లకు పనివేళ మంచి వెలుతురు ఉండాలి, పగలు పడుకునే గదికి మందపాటి కర్టెన్లు ఉండాలి. వాళ్ల గురించి విడిగా మాట్లాడాలి.

చివరగా అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట. మన జిల్లాల్లో ఇలాంటి ఇల్లు లేని ఊరు తక్కువ. పిల్లలు అక్కడ లేచి తెమిలేసరికి ఇక్కడ రాత్రి అవుతుంది. పదిన్నరకు వీడియో కాల్ వస్తుంది. అందుకోసం ఆ తల్లి స్టీలు గ్లాసుకు ఫోను ఆనించి, ట్యూబులైటు వేసుకుని, తొమ్మిదిన్నర నుంచే కాచుకుని కూర్చుంటుంది. మనవణ్ణి చూశాక ఆ సంతోషంలో మరో గంట నిద్ర రాదు. ఆ కాల్ మానుకోమని ఏ డాక్టరూ చెప్పకూడదు. వేళ మార్చుకోవచ్చు. మనకు పొద్దున ఏడయినప్పుడు, వేసవి నెలల్లో, న్యూజెర్సీలో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర, డల్లాస్‌లో ఎనిమిదిన్నర, కాలిఫోర్నియాలో సాయంత్రం ఆరున్నర. చలికాలంలో ఇంకో గంట ముందు. పిల్లలు అక్కడ ఆఫీసు నుంచి ఇంటికి వచ్చేసి ఉంటారు. మీరు ఇక్కడ డాబా మీదికి వెళ్లి, లేత ఎండలో నడుస్తూ మాట్లాడండి. జీవగడియారాన్ని దారిలో పెట్టే వెలుతురు అదే, అది ఆ వేళే దొరుకుతుంది. ఈ వేళ మార్పు సంగతి మీరు చెప్పకపోతే పిల్లలకు తెలియదు. ఈ ఆదివారం మాట్లాడినప్పుడు చెప్పండి.